కుడి బొటనవేలు ఖాయం

ఆఫీసులో అందరూ ఆవిడను భూతద్దం అనేవారు. ఎదురుగా మేడం, పక్కకు తిరగ్గానే భూతద్దం. ఆవిడకు ఆ సంగతి తెలియక కాదు. ఇరవై ఆరేళ్ళుగా వేలిముద్రల విభాగంలో పనిచేస్తూ, మెడలో కళ్ళజోడు తాడుతో పాటు ఇంకో తాడుకు భూతద్దం వేలాడదీసుకుని తిరిగే మనిషికి ఇంకేం పేరు పెడతారు? టీ గ్లాసు అందుకునే ముందు కూడా దాన్ని వెలుతురుకెత్తి ఎవరి వేళ్ళు పడ్డాయో చూస్తుందని చాటుగా నవ్వుకునేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

బస్టాండులో బాంబు పేలిన రోజు ఆవిడ మరదలు అక్కడే ఉంది. తమ్ముడి భార్య. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ళకు బట్టలు కుట్టేది. గుండీలు, దారపు ఉండలు కొనుక్కుని తిరుగు బస్సు కోసం మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడింది. మొత్తం ముప్పై ఒక్కమంది పోయారు. ముఖాలు చూసి ఎవరెవరో చెప్పగలిగే స్థితి లేదు. మార్చురీలో వరసగా పడుకోబెట్టిన వాళ్ళ చేతులు చూసుకుంటూ వచ్చి భూతద్దం ఒకచోట ఆగింది. ఎడమచేతి చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకుతేలి ఉంది. వెనకే నిలబడ్డ తమ్ముడు వడ్రంగి, దూలాలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి. అక్క ఆగడం చూసి గోడకు చేరగిలబడిపోయాడు.

"చూసింది చాల్లే అక్కా. ఇంటికి తీసుకెళ్దాం," అన్నాడు.

ఇంట్లో పదేళ్ళ కూతురు ఉంది. దానికి ఏమని చెప్పాలో దారి పొడుగునా ఇద్దరికీ తోచలేదు.

మూడో రోజు ఆఫీసుకు సీలు వేసిన కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో రెండంగుళాల నల్ల టేపు ముక్క. తీగల మీద చుట్టే రకం. భూతద్దం ఆ కవరు విప్పకుండానే డైరెక్టరు గదికి వెళ్ళింది.

"ఇందులో మా మరదలు పోయింది సార్. నేను చూడకూడదేమో."

డైరెక్టరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. రూళ్ళకర్ర బల్లమీద అటూ ఇటూ దొర్లించాడు. "మీరు చూడకపోతే ఎవరు చూస్తారమ్మా? మిగతా ఇద్దరికీ ఇస్తే ఉన్న ముక్క కాస్తా పాడవుతుంది. రెండో సంతకం వేరేవాళ్ళది ఉంటుంది కదా, కానివ్వండి."

ఆవిడ కానిచ్చింది. టేపు జిగురువైపును పైకి తిప్పి ఊదారంగు మందునీళ్ళలో ముంచి, కుళాయి కింద సన్నని ధారలో కడిగింది. మూడోసారి కడిగేసరికి ముద్ర తేలింది. సగానికి పైగా బొటనవేలు. మధ్యలో సుడి. సుడికి కాస్త కిందుగా గీతలన్నిటినీ అడ్డంగా కోస్తూ పాత గాయం మచ్చ. బాంబు చుట్టినవాడు టేపును పళ్ళతో కొరికి తెంపి, కొసను బొటనవేలితో గట్టిగా అదిమాడు. బాంబు చుట్టినంతసేపూ జాగ్రత్తగా ఉన్నవాడికి చివర్లో చేతి తొడుగు అడ్డమనిపించి ఉంటుంది.

ఈ దేశపు రికార్డుల్లో ఆ వేలు లేదు.

పొరుగు దేశంతో నాలుగేళ్ళ కిందట ఒక ఒప్పందం కుదిరి ఉంది. ఇలాంటి ముద్రలు ఒకరికొకరు పంపుకోవచ్చు. ఫొటోలు దిగి సంతకాలు పెట్టిన తర్వాత దాన్ని ఎవరూ వాడలేదు. భూతద్దం ఆ పదిహేడు పేజీల దరఖాస్తు వెతికి తీయించి, నింపి, పైకి పంపింది. నెల తిరిగాక బుధవారం పొద్దున పది గంటలకు ఫోను మోగింది.

"మేడం, నేను ఇవతలి వైపు వేళ్ళు చూసేవాణ్ణండి," అందొక ముసలి గొంతు. సరిహద్దు గీసినవాళ్ళకు భాషను రెండు ముక్కలుగా కోయడం కుదరలేదు. రెండువైపులా మాట ఒకటే. ఆయన కాస్త సాగదీసి మాట్లాడతాడు, అంతే. "మీ ముద్ర అందింది. ఫొటో బాగా తీశారు. కాకపోతే కొలబద్ద తలకిందులుగా పెట్టారు."

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ తప్పు దిద్దిన మొదటి మనిషి. ఆరోజు నుంచి మాస్టారు అని పిలవడం మొదలుపెట్టింది.

మాస్టారుకు అరవై దాటాయి. ఉబ్బసం. పని తెలిసినవాడు ఇంకొకడు లేక రిటైర్మెంటు రెండుసార్లు వెనక్కి జరిపారు. "మా దగ్గర నలభై వేల కార్డులున్నాయి మేడం, చెక్క సొరుగుల్లో. కంప్యూటరు కూడా ఒకటుంది. దానిమీద మా సూపరింటెండెంటు టోపీ పెట్టుకుంటాడు," అని నవ్వబోయి దగ్గేవాడు.

బుధవారం పది నుంచి పదకొండు వరకే మాట్లాడాలి. రెండువైపులా ఒక్కో ఆఫీసరు వింటూ ఉంటాడు. రెండు నెలలు గడిచేసరికి ఇద్దరూ ఆ వినేవాళ్ళను మరిచిపోయారు. సుడి గురించి, మచ్చ వాలు గురించి, అది కుడిచెయ్యే అని ఎలా తేల్చారన్న దాని గురించి మాట్లాడుకుంటూ మధ్యలో ఆయన తన కోడలి వంట గురించి చెప్పేవాడు, ఈవిడ తమ్ముడు అన్నం సయించక ఎంత చిక్కిపోయాడో చెప్పేది. మూడో నెలలో 'మేడం' పోయి 'అమ్మాయ్' వచ్చింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. యాభైకి దగ్గర పడుతున్న ఆవిడను అమ్మాయ్ అనేవాళ్ళు అప్పటికి లోకంలో ఎవరూ మిగల్లేదు.

ఐదో నెలలో ఒక బుధవారం ఆయన పలకరింపులు కూడా లేకుండా అన్నాడు. "అమ్మాయ్, కూర్చునే ఉన్నావా?"

"ఉన్నాను మాస్టారూ."

"దొరికాడు. పదిహేడేళ్ళ కిందట సైకిలు దొంగతనంలో పట్టుబడి ముద్రలు వేశాడు. నాకు పద్నాలుగు చోట్ల కలిసింది. కార్డు నకలు పంపుతున్నాను, నువ్వు కూడా లెక్కపెట్టు. మోటార్లకు తీగ చుట్టే పని వాడిది. ఇప్పటికీ అదే పని."

ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"ఇప్పుడే గంతులెయ్యకు. మావాళ్ళు వచ్చే గురువారం పట్టుకుంటారు. వారానికోసారి ఎవరో వ్యానులో వచ్చి వాడికి సరుకు దించి పోతున్నారట. ఆ వచ్చేదెవరో చూసి అందర్నీ ఒకేసారి తీసుకోవాలి. వీణ్ణొక్కణ్ణి తీసుకుంటే ఆ వ్యాను ఇంకో గుమ్మం ముందు ఆగుతుంది. ఆ తర్వాత మీ కోర్టులో నువ్వు, మా కోర్టులో నేను. అప్పటిదాకా నా ఊపిరి ఆడితే."

కార్డు నకలు వచ్చింది. ఆవిడకూ పద్నాలుగు చోట్లే కలిసింది. కార్డు వెనక ఆయన గుండ్రటి చేతిరాతలో వాడి ఇప్పటి అడ్రసు ఉంది. వీధి, మూడంతస్తుల ఇల్లు, కింద వర్క్‌షాపు. ఆవిడ రిపోర్టు రాసింది. అడ్రసు రాయాల్సిన గడి అందులో ఉంది కాబట్టి అదీ రాసింది.

శుక్రవారం ఒక కల్నల్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. తెరిచి ఉన్న తలుపును కూడా తట్టి లోపలికి వచ్చాడు, కుర్చీ చూపించేదాకా కూర్చోలేదు.

"ఖాయమేనా మేడం?"

"కుడి బొటనవేలు ఖాయం. పద్నాలుగు కలిశాయి. మా లెక్కకు పన్నెండు చాలు."

"ఇల్లు?"

"ఇల్లు సంగతి నాకు తెలీదండి. అది అవతలివాళ్ళు రాసిన అడ్రసు. వాడు అక్కడ ఎప్పుడుంటాడో, పక్కన ఎవరుంటారో నేను చెప్పలేను. నాది వేలి వరకే."

ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఎదుటివాళ్ళ కాగితం తలకిందులుగా చదవడం ఆవిడకు అలవాటు. 'కుడి బొటనవేలు ఖాయం' అని రాసి పెన్ను మూసేశాడు.

"వాళ్ళు గురువారం పట్టుకుంటామంటున్నారు," అంది ఆవిడ.

"మాకు వాళ్ళు చాలా గురువారాలు చెప్పారు మేడం," అన్నాడు కల్నల్ లేస్తూ. "వాళ్ళు వెళ్ళేసరికి ప్రతిసారీ ఇల్లు ఖాళీగానే ఉండేది."

మిగతా మాట కూడా రాసుకోండి అని ఆవిడ అనలేదు. ఎందుకనలేదో ఆ తర్వాత చాలాసార్లు తనను తాను అడుక్కుంది. జవాబు తెలియక కాదు. ఆయన వెళ్ళిపోతుంటే ఆవిడ కళ్ళముందు ఉన్నది మరదలి చూపుడువేలు.

మంగళవారం తెల్లవారకముందే విమానాలు వెళ్ళొచ్చాయి. పొద్దున ఏడింటికల్లా టీవీల్లో ఒకటే మాట: బస్టాండు హంతకుడు హతం. పైనుంచి తీసిన బొమ్మలో ఒక ఇంటి కప్పు ఉంటుంది, తెల్లగా మెరుస్తుంది, తర్వాత ఉండదు. అదే మళ్ళీ మళ్ళీ చూపించారు.

తమ్ముడు ఒంటినిండా రంపప్పొట్టుతో ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర ఆపితే మా అక్కండీ, వాణ్ణి కనిపెట్టింది మా అక్కండీ అని చెప్పుకుని లోపలికొచ్చాడు. అందరూ చూస్తుండగా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆరు నెలలుగా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. మేనకోడలి బడిలో టీచరు ఆ పిల్లను నిలబెట్టి క్లాసంతటి చేతా చప్పట్లు కొట్టించిందట.

ఆ వారంలోనే తమ్ముడు ఆ విరిగిన ఇంటి బొమ్మ ఉన్న పేపరుకు టేకు ఫ్రేము కట్టాడు. అలాంటివే ఇంకో ముప్పై చేసి, పోయినవాళ్ళ ఇళ్ళన్నిటికీ తిరిగి తనే గోడలకు మేకులు కొట్టి తగిలించి వచ్చాడు. చనిపోయిన వాళ్ళు పంతొమ్మిదిమంది అని అవతలి దేశం చెప్పింది. ఇక్కడి పేపరొకటి పంతొమ్మిదిమంది ఉగ్రవాదులు అని రాసింది. మిగతావి ఆ అంకె కూడా వెయ్యలేదు.

కానీ దాడి జరిగిన మర్నాడు బుధవారం. పది గంటలకు ఫోను మోగింది.

"మేడం, నమస్కారమండి."

ఆ పిలుపులోనే ఆవిడకు సగం అర్థమైంది.

"గురువారం అని మీకు చెప్పాను కదండీ," అన్నాడు మాస్టారు.

"చెప్పారు."

"వాడు ఆదివారమే పెళ్ళాం వాళ్ళ ఊరెళ్ళాడు. ఇవాళ తిరిగి రావాలి. వస్తాడని మావాళ్ళిద్దరు వీధి చివర టీకొట్టు పక్కన గది తీసుకుని కాపలా కాస్తున్నారు. ఆ గది కూడా పోయింది, వాళ్ళూ పోయారు. ఇంటి పైన నాలుగు సంసారాలుండేవి." దగ్గు ఆగేదాకా ఆగాడు. "వేళ్ళు చూడ్డానికి నన్నే పంపారండి. పెద్దవాళ్ళను కొంతమందిని చెప్పగలిగాను. పిల్లల ముద్రలు మా సొరుగుల్లో ఉండవు కదా. చెప్పలేకపోయాను."

"మాస్టారూ, నేను వేలి వరకే..."

"తెలుసండి. మీ పని మీరు చేశారు. అడ్రసు రాసింది నేను. ఎవరికిచ్చావని మావాళ్ళు అడుగుతున్నారు. మీ పేరు చెప్పాను. తప్పులేదు కదా?"

"లేదు."

"ఉంటానండి."

మళ్ళీ ఆ ఫోను మోగలేదు. వారం తిరక్కుండా ఒప్పందాన్ని రెండు దేశాలూ పోటీపడి రద్దు చేసుకున్నాయి. భూతద్దం ఆ సంభాషణ గురించి డైరెక్టరుకు చెబితే, "వాళ్ళు అలా కాక ఇంకెలా అంటారమ్మా," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ ఏడు నెలలు గడిపింది. తమ్ముడికి చెప్పలేదు. వాడు నెమ్మదిగా అన్నం తింటున్నాడు, కూతురికి జడ వెయ్యడం నేర్చుకున్నాడు.

ఎనిమిదో నెలలో చెప్పుల దుకాణాల సందులో బాంబు పేలింది. ఇరవై ఇద్దరు. మళ్ళీ సీలు వేసిన కవర్లు, మళ్ళీ నల్ల టేపు. ఈసారి మొదటి కడుగుకే ముద్ర తేలింది. ఆవిడ దాన్ని చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. సుడి, సుడి కిందుగా మచ్చ, కొరికి తెంపిన కొస. పళ్ళెం కుళాయి కింద పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు పళ్ళెం నిండి, తూము నిండి, నేలమీదకి వచ్చి చెప్పులు తడిశాక గాని ఈ లోకంలోకి రాలేదు.

డైరెక్టరు ఫొటో చూసి తలుపు వేశాడు. సాయంత్రానికి కల్నల్ వచ్చాడు.

"ఇది ముందే చుట్టిపెట్టిన బాంబు కావచ్చు కదా మేడం?"

"టేపు బ్యాటరీ చుట్టూ ఉందండి. బ్యాటరీ మీద తయారైన నెల అచ్చువేసి ఉంది. మీ విమానాలు వెళ్ళొచ్చిన మూడు నెలలకు తయారైంది."

కల్నల్ ముఖం కడుక్కోవాలన్నట్టు రెండు అరచేతులతో రుద్దుకున్నాడు. "నేను ఫైలు మోశాను, అంతే. పైన ఒకటే అడిగారు, వేలు వాడిదేనా అని. అవునన్నాను."

"గురువారం దాకా ఆగమని ఎవరూ అనలేదా?"

"ఎలా ఆగమంటారు? మీ మాస్టారు మంచివాడే. వాళ్ళ పోలీసుల్లో వాడికి కబురందించేవాళ్ళు ఎంతమందో ఆయనకు తెలుసా? మీరిద్దరూ ఐదు నెలలు కార్డులు వెతుక్కున్నారు. ఆ ఐదు నెలల్లో ఇంకోటి పేలుంటే?"

"పేలలేదు."

"అది మన అదృష్టం."

"కావచ్చు. మరి ఇరవై ఇద్దరిని ఏమంటారు?"

ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. ఆవిడే అంది. "ఇప్పటికీ దారి ఒకటుంది. ఈ ముద్ర అవతలికి పంపండి. వాడి పెళ్ళాం వాళ్ళ ఊరు మాస్టారుకు తెలుసు. వాణ్ణి పట్టుకోగలిగితే వాళ్ళే పట్టుకోవాలి."

"ఎవరికి పంపను? ఒప్పందం లేదు. పంపితే ఏమని రాయాలి? మేం మీ మీద బాంబులేసి చంపినవాడు చావలేదు, కాస్త పట్టివ్వండి అనా?"

అంతవరకూ రూళ్ళకర్ర దొర్లిస్తూ కూర్చున్న డైరెక్టరు అప్పుడు నోరు తెరిచాడు. "ముద్ర అస్పష్టంగా ఉందని రాయండమ్మా. అస్పష్టం అంటే అబద్ధం కాదు కదా."

"అద్దంలా ఉంది సార్."

ఆవిడ ఉన్నదున్నట్టే రాసి సంతకం చేసింది. రెండో సంతకం చేయాల్సిన సహోద్యోగి ఆరోజు కడుపునొప్పని సెలవు పెట్టి, మర్నాడు వచ్చి వేరే రిపోర్టు రాశాడు. అందులో ముద్ర అస్పష్టం. ఆవిడ రిపోర్టు డైరెక్టరు గదిలో ఇనప బీరువాలోకి వెళ్ళింది, ఆవిడ డ్రైవింగు లైసెన్సుల విభాగానికి వెళ్ళింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం బొటనవేళ్ళు పట్టుకుని గాజుపలక మీద ఆన్చడమే అక్కడి పని.

ఆ ఆదివారం తమ్ముడి దుకాణానికి వెళ్ళింది. వాడు బెంచీమీద చెక్క బిగించి చిత్రిక పడుతున్నాడు.

"ఒరేయ్, వాడు చావలేదురా."

వాడు ఇంకో రెండుసార్లు చిత్రిక లాగాడు. "ఎవరు?"

"ఎవరో నీకు తెలుసు. చెప్పుల సందులో వాడి వేలే."

"తప్పు చూసుంటావు."

"తప్పు చూడలేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న," అని, తల అడ్డంగా ఊపి, "కాదు. ఆ మర్నాడే మాస్టారు ఫోన్లో చెప్పాడు. నమ్మాలో వద్దో తెలీక ఊరుకున్నాను," అంది.

తమ్ముడు చిత్రిక పక్కన పెట్టాడు. "అంతకాలం ఊరుకున్నదానివి ఇంకా ఊరుకోలేకపోయావా?"

"ఇంకో ఇరవై ఇద్దరు పోయారురా."

"నేను ముప్పై ఇళ్ళకెళ్ళానక్కా. ప్రతి ఇంట్లో గోడకి మేకు నా చేత్తో కొట్టాను. ముసలాళ్ళు నా తలమీద చెయ్యి పెట్టారు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి అవన్నీ ఊడబీకనా?"

"అవతల ఎంతమంది పోయారో ఎప్పుడైనా అడిగావా?"

"అడగలేదు. అడగను."

"పంతొమ్మిదిమంది. అందులో..."

"అడగనన్నానుగా." గొంతు పెంచలేదు. ఒక్కొక్క మాటా కొలిచి తీసినట్టు వచ్చింది. "నాకు ఆ ఒక్కరోజు మనశ్శాంతి దొరికింది. దాన్ని కూడా పరీక్షకు పంపించావు. నువ్వు వేళ్ళు చూస్తావక్కా. మనుషుల్ని చూడవు. నీకెప్పుడూ అంతే."

ఆవిడ లేచి వచ్చేసింది. ఆ తర్వాత వాడు ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే పిల్లను లోపలి గదిలోకి పంపేవాడు. రెండుసార్లు వెళ్ళి, మూడోసారి మానుకుంది.

మాస్టారు ఆఫీసు అడ్రసుకు ఒక ఉత్తరం రాసింది. క్షమాపణ కాదు. ముద్ర ఫొటో, కింద ఒక వాక్యం: వీడు బతికే ఉన్నాడు, మీరన్నది నిజం. అది మూడు నెలలు తిరిగి, చిరునామాదారు లేరన్న ముద్రతో వెనక్కి వచ్చింది. కవరు విప్పి మళ్ళీ అతికించిన గుర్తులు రెండు దేశాలవీ ఉన్నాయి.

ఆ మచ్చవేలివాడు చుట్టిన బాంబులు ఇంకో రెండు పేలాయి. ప్రతిసారీ ఇవతలి విమానాలు ఎక్కడో ఒకచోటికి వెళ్ళొచ్చేవి. ప్రతిసారీ ఎవరో ఒక ముఖ్యుడు హతమయ్యేవాడు. రెండుసార్లూ ఆ పాత సహోద్యోగి భోజనాల వేళ లైసెన్సుల కౌంటరు దగ్గరకు వచ్చి, ఎవరూ చూడకుండా ఫోన్లో ఫొటో చూపించాడు.

"అదేనా మేడం?"

"అదే."

"అయితే అస్పష్టమే," అని ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెక్కిరించడానికి అనలేదు. అతనికీ పిల్లలున్నారు.

బస్టాండు సంగతి జరిగిన ఐదో ఏట అటూ ఇటూ ప్రభుత్వాలు మారాయి. కొత్తవాళ్ళు చేతులు కలుపుకున్నారు. పాత ఒప్పందానికే కొత్త అట్ట వేసి మళ్ళీ సంతకాలు పెట్టారు. అవతలినుంచి బృందం వస్తోందని, పాత ఫైలు మీద ఆవిడ పేరుంది కాబట్టి లైసెన్సుల కౌంటరు నుంచి పిలిపించి కూర్చోబెట్టారు. పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, రెండు జెండాలు. కల్నల్‌కు పెద్ద హోదా వచ్చింది. పరస్పర సహకారమే మార్గమని ఆయనే మొదట మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. నమ్మే మాట్లాడాడని ఆవిడకు అనిపించింది. అందుకే మరీ ఒళ్ళు మండింది.

అవతలి బృందంలో వేళ్ళు చూసేది ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఒళ్ళో చిన్న కంప్యూటరు. భూతద్దం ఇచ్చిన ముద్రను అందులో పెట్టి వెతికింది. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఇతను పోయాడండి," అంది ఆ అమ్మాయి. "రెండేళ్ళ కిందట. కామెర్లు. అత్తవారి ఊళ్ళో, మంచంమీదే పోయాడు. ఎవరూ పట్టుకోలేదు."

బల్లకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఒక అధ్యాయం ముగిసిందన్నాడు కల్నల్. ఎవరో టీ తెమ్మన్నారు.

"మీ సీట్లో ఇంతకుముందు ఒక పెద్దాయన ఉండేవారు," అంది భూతద్దం.

"ఎవరో ఉండేవారటండి. అడ్రసు బయటికిచ్చారని తీసేశారు. తర్వాత ఊపిరాడక పోయారని విన్నాను. నేను చూడలేదు. కార్డుల మీద ఆయన రాత ఉంటుంది. చాలా చక్కటి రాత."

భూతద్దం తన ఫైలులోంచి ఇంకో ఫొటో తీసి బల్లమీద జరిపింది. "ఇది పోయిన నెల రైల్వే స్టేషనులో పేలినదాని టేపు. కొస కొరికి తెంపడం, చుట్టే తీరు, అంతా వాడిదే. వేలు వాడిది కాదు. ఇది చూడండి."

అమ్మాయి వెతికింది. నాలుగు నిమిషాలు, తర్వాత ఇంకో నాలుగు. లేదంది.

"మా దగ్గరా లేదు," అంది భూతద్దం. "గీతలు చూడండి. సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. పదహారు పదిహేడేళ్ళు దాటని వేలు."

ఆ అమ్మాయి చాలాసేపు ఆ ఫొటోనే చూసింది. "పిల్లల ముద్రలు మా దగ్గర ఉండవండి," అంది చివరికి, మెల్లగా. కల్నల్ కిటికీ వైపు తిరిగాడు. టీ వచ్చింది.

పాత ప్రభుత్వం ఆడిన అబద్ధం కొత్త ప్రభుత్వానికి పనికొచ్చింది. వారం తర్వాత బస్టాండు హంతకుడు అప్పుడు చావలేదని ఒక పేపరు లోపలి పేజీలో చిన్న వార్త వేసింది.

ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు తలుపు తట్టింది. పదిహేనేళ్ళు. తల్లి పొడుగు వచ్చింది. లోపలికి వచ్చి, చుట్టూ చూసి, కుర్చీ అంచుమీద కూర్చుంది.

"నాన్నకి చెప్పకుండా వచ్చానత్తా. వాడు రెండేళ్ళ కిందట చచ్చాడని పేపర్లో రాశారు. మా గోడమీద ఉన్నదాన్లో ఇంకోలా ఉంది. ఏది నిజం?"

"రెండేళ్ళ కిందటన్నదే నిజమమ్మా."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు. వాడు విమానాల దాడిలో చావలేదని నేనే చెప్పాను. నీకు పదకొండేళ్ళప్పుడు."

ఆ పిల్ల తల వంచుకుని గోళ్ళు చూసుకుంది. అందుకేనా మీరిద్దరూ మాట్లాడుకోరు అని అడుగుతుందనుకుంది భూతద్దం. దానికి జవాబు కూడదీసుకుంటోంది.

"కామెర్లొస్తే నొప్పిగా ఉంటుందా అత్తా?"

"ఏమో. ఒక్కొక్కళ్ళకి ఉంటుంది."

"ఎక్కువ రోజులు పడ్డాడా?"

"తెలీదమ్మా. వాళ్ళు చెప్పలేదు."

"పడుంటే బాగుండు," అంది ఆ పిల్ల.

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. రేపు సెలవైతే బాగుండు అన్నట్టు అంది. తప్పమ్మా, అలా అనకూడదు అని చెప్పాల్సిన పెద్దమనిషి ఆ గదిలో తనొక్కతే. నోరు తెరిచింది. కల్నల్ గదిలోంచి వెళ్ళిపోతుంటే మిగతా మాట కూడా రాసుకోండి అనకుండా ఊరుకున్న శుక్రవారం తన లోపల ఉన్నదీ ఇదే. లేచి వంటింట్లోకి వెళ్ళి ఆ పిల్లకు అన్నం పెట్టింది.